మావయ్య ఒప్పుకున్న తప్పు

మా మావయ్యను ఈ వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. పిల్లలకు బేకరీ తాత, పెద్దలకు సారీగారు. రెండోది ఎదురుగా అనరనుకోండి. అన్నా ఆయనకు కోపం రాదు. వస్తే మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడగాల్సి వస్తుందని ముందే జాగ్రత్తపడతాడని నా అనుమానం.

ఆయన మా అమ్మ తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయినప్పుడు నన్ను తీసుకొచ్చి, బేకరీ వెనక గదిలో మంచం వేసి, "ఇదే ఇల్లు, అదే పని, ఆకలేస్తే ఎవర్నీ అడగక్కర్లేదు" అన్నాడు. అప్పటినుంచీ ఇక్కడే ఉన్నాను. ఇప్పుడు నాకు నలభై రెండు, ఆయనకు అరవై ఆరు. పొద్దున్నే నాలుగింటికి లేచి పిండి కలపడం, ఆరింటికి మొదటి వాయి దించడం, ఏడింటికి తలుపులు బార్లా తెరవడం, మా ఇద్దరి జీవితం ఇంతే. మావయ్య మంచివాడు. ఎంత మంచివాడంటే ఒక్కోసారి రెండు భుజాలూ పట్టుకుని కుదిపేయాలనిపిస్తుంది.

మాది చిన్న క్రైస్తవ సంఘం. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, అంటే ఏసు పేరున అందరం ఒకే రొట్టె విరుచుకుని తింటాం. దానికి ముందు ఎవరితోనైనా మనస్పర్థలుంటే సరిచేసుకుని రమ్మని పాస్టరుగారు ప్రతి నెలా చెబుతారు. అందరూ తలలూపుతారు. నిజంగా వెళ్ళేవాడు మావయ్య ఒక్కడే.

ఎందుకంటే ఆ బల్లకు రొట్టె మా బేకరీ నుంచే వెళ్తుంది, ముప్పై ఏళ్ళుగా. అది మామూలు రొట్టె కాదు. గుండ్రంగా ఉండాలి, కత్తి తగలకూడదు, పాస్టరుగారు చేత్తో విరిస్తే తేలిగ్గా విరగాలి, పొడి రాలకూడదు. శనివారం మధ్యాహ్నం పిండి కలిపి, సాయంత్రం కాలుస్తాం. ఆ పిండిలో చెయ్యి పెట్టాలంటే తనకు ఎవరిమీదా, ఎవరికీ తనమీదా మనసులో ఏమీ ఉండకూడదన్నది మావయ్య నియమం. ఎవరూ పెట్టమనలేదు, తనకు తనే పెట్టుకున్నాడు. కాబట్టి నెలకో శనివారం ఆయన ఏప్రన్ విప్పేసి వీధిమీద పడతాడు. ఆయన వచ్చేదాకా పిండి కొలిచిపెట్టుకుని కాపలా కాయడం నా వంతు.

ఒకసారి పాలాయన దగ్గరికి వెళ్ళి, "బాబూ, మొన్న నువ్వు పాలలో నీళ్ళు కలుపుతున్నావని మనసులో అనుకున్నాను, క్షమించు" అన్నాడు. ఈయన అలా అనుకున్న సంగతే పాలాయనకు తెలియదు. తెలిశాక వారం రోజులు మాకు పాలు పోయలేదు. ఇంకోసారి నన్నే పిలిచి, "నీ గురక విని సణుక్కున్నాను తల్లీ" అన్నాడు. నేను గురక పెడతానని నాకు అప్పుడే తెలిసింది. ఇవన్నీ నవ్వుకునే సంగతులు. కుట్టుపిన్ని సంగతి అలాంటిది కాదు.

కుట్టుపిన్ని కొట్టు మా గోడకు ఆనుకునే ఉంటుంది. ఆవిడ కొత్తబట్టలు కుట్టదు, పాతవి బాగుచేస్తుంది. జిప్పులు మార్చడం, కాలర్లు తిప్పి కుట్టడం, లావైనవాళ్ళకు వదులు చేయడం, చిక్కినవాళ్ళకు బిగించడం ఆవిడ పని. వీధిలో ఎవరు ఎప్పుడు ఒళ్ళు చేశారో వాళ్ళ డాక్టరుకంటే ముందు ఆవిడకు తెలుస్తుంది, తెలిసింది దాచుకునే మనిషీ కాదు. నోరు మూతపడదు. పిల్లల్లేరు. భర్త పోయి పదకొండేళ్ళయింది. మా చర్చికి రాదు, ఎక్కడికీ వెళ్ళదు.

ఆ భర్త పోయిన రోజునుంచి మావయ్య, ఆదివారాలు తప్ప, రోజూ ఉదయం ఏడింటికి చిన్న రొట్టె ఒకటి కాగితంలో చుట్టి స్వయంగా తీసుకెళ్ళి ఆవిడ బల్లమీద పెడతాడు. వానైనా, జ్వరమైనా సరే. నన్ను పంపడు. ఆవిడ అక్కడికక్కడే కాగితం విప్పి, ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుని, ఏదో ఒక వంక పెడుతుంది. "ఈవేళ ఉప్పు మర్చిపోయావా అన్నయ్యా?" "పైన మాడింది, కింద పచ్చిగా ఉంది, మధ్యలో ఎవరో తిన్నట్టు బొక్క ఉంది." మావయ్య తలవంచుకుని వింటాడు, "రేపు సరిచేస్తా చెల్లెమ్మా" అంటాడు, వచ్చేస్తాడు. మొదట్లో వీధిలో ఒకరిద్దరు చెవులు కొరుక్కున్నారు గానీ, ఆ వంకలు వినొచ్చే మావయ్య ముఖం చూసి వాళ్ళకే జాలేసింది.

ఇలా సాఫీగా సాగిపోతుండగా పాస్టరుగారు ఒక ఆదివారం ప్రసంగం చేశారు. దేవుణ్ణి ప్రేమించాలి, పొరుగువాళ్ళను ప్రేమించాలి, అన్నీ ఈ రెండింటిలోనే ఉన్నాయి అన్నారు. అక్కడితో ఆపితే బాగుండేది. "చేతులతో ఇచ్చి మనసు ఇవ్వకపోతే అది ప్రేమ కాదు, వేషం" అని కూడా అన్నారు. మావయ్య పక్కనే కూర్చున్నాను నేను. ఆయన పాటల పుస్తకం మూసేసి, అట్టమీద చెయ్యి పెట్టుకుని అలా ఉండిపోయాడు. కొంప మునిగిందని అప్పుడే అనుకోవాల్సింది. ఎవరి పని పట్టబోతున్నాడో ఊహించలేకపోయాను.

ఆ వారమంతా పరధ్యానం. శనివారం మధ్యాహ్నం బల్ల రొట్టెకు పిండి కొలిచి పెట్టాను. ఆయన చెయ్యి పెట్టలేదు. ఏప్రన్ విప్పి, చేతులు కడుక్కుని, పక్క కొట్టుకు బయల్దేరాడు. నా కోటు లోపలి గుడ్డ చిరిగితే పిన్నికి ఇవ్వాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను, దాన్ని చేతిలో పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను. అక్కడ జరిగిందంతా నా కళ్ళారా చూశాను, చూడకపోతే బాగుండేది.

పిన్ని మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు జిప్పు వేస్తోంది. మావయ్య ఎదురుగా నిలబడి, "చెల్లెమ్మా, నేను ఒక తప్పు ఒప్పుకోవాలి" అన్నాడు.

"ఉప్పు సంగతేనా? పొద్దున్నే చెప్పాగా," అని పిన్ని నవ్వింది.

"అది కాదు. పదకొండేళ్ళుగా నీకు రొట్టె తెస్తున్నాను. ఒక్కరోజు కూడా నీమీద ప్రేమతో తేలేదు. పొరుగువాళ్ళను ప్రేమించమని దేవుడి ఆజ్ఞ. నువ్వు పక్కనున్నావు కాబట్టి తెచ్చాను. నిజానికి నీ గొంతు వింటేనే నాకు చిరాకు. గుమ్మందాకా వచ్చి, ప్రభువా కాస్త ఓపిక ఇవ్వు అనుకుని లోపలికి అడుగు పెట్టేవాణ్ణి. లేని ప్రేమ ఉన్నట్టు నటించాను. నన్ను క్షమించు."

పిన్ని మిషను ఆపింది. "పదకొండేళ్ళూనా?"

"పదకొండేళ్ళూ."

"మా ఆయన పోయిన రోజు కూడానా?"

నేను వెనకనుంచి మావయ్య చొక్కా పట్టుకుని లాగాను. ఆయన అబద్ధం చెప్పడు. చావనైనా చస్తాడు గానీ చెప్పడు. "ఆ రోజు మరీనూ. పొయ్యిలో సాయంత్రం వాయి ఉంది. ఇప్పుడు వెళ్ళక తప్పదా అనుకుంటూ వచ్చాను" అన్నాడు.

ఎప్పుడూ మాటకు తడుముకోని పిన్ని, ఆ జిప్పును పైకీ కిందికీ రెండుసార్లు లాగి చూసింది. "సరే, క్షమించాను. వెళ్ళు, నాకు పనుంది" అంది. నా కోటు ఇవ్వాలో, తిరిగి తీసుకెళ్ళాలో తెలియక బల్ల చివర పెట్టేసి వచ్చేశాను.

మావయ్య ముఖం వెలిగిపోతోంది. "అమ్మయ్య, పదకొండేళ్ళ బరువు దిగింది" అన్నాడు. పాట పాడుకుంటూ పిండి పిసికాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నిటికంటే మంట పుట్టించిందేమిటంటే ఆ రొట్టె ముప్పై ఏళ్ళలో ఎన్నడూ రానంత బాగా రావడం. ఆదివారం పాస్టరుగారు విరిస్తే ఒక్క రవ్వ కూడా రాలలేదు. మావయ్య తన ముక్క తీసుకుని కళ్ళు మూసుకున్నాడు, బుగ్గలు తడిసిపోయాయి. పక్కన నా ముక్క నా చేతిలోనే ఉండిపోయింది.

సోమవారం ఏడింటికి ఎప్పటిలాగే కాగితంలో చుట్టిన రొట్టెతో వెళ్ళాడు. రెండు నిమిషాల్లో అదే రొట్టెతో తిరిగొచ్చాడు.

"వద్దంది."

"ఏమంది?"

"నీ దేవుడికి ఇచ్చేది నీ దేవుడికే ఇచ్చుకో అన్నయ్యా, మధ్యలో నా కడుపెందుకు అంది." రొట్టెను అరలో పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "క్షమించానంది కదా. మరి ఎందుకు వద్దంటుంది?"

"బరువు దిగిందన్నావు కదా మావయ్యా," అన్నాను. "ఎవరి నెత్తిన దించావో చూసుకున్నావా?"

అంత మాట ఆయన్ని నేనెప్పుడూ అనలేదు. ఆయన నావైపు తెల్లబోయి చూశాడు. కోప్పడితే బాగుండేది. ఆ రోజంతా బన్నుల ట్రేలు ఒకచోట పెట్టాల్సినవి ఇంకోచోట పెడుతూ తిరిగాడు.

మంగళవారం, బుధవారం కూడా అంతే. ఇక లాభం లేదని పాస్టరుగారిని అడగడానికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను, ఆ ప్రసంగం చేసిన మనిషి ఏం చెబుతాడో వినాలని. ఆయన అంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, "మీరు నిజమే చెప్పారు, అది మంచిదే" అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, "కానీ ఆవిడకు ఎందుకు చెప్పారు? దేవుడికి చెబితే సరిపోయేది కదా" అన్నారు.

"సరిచేసుకుని రమ్మని మీరే కదండీ ప్రతి నెలా చెబుతారు."

"అవుననుకోండి. అయితే సరిచేసుకోవడం అంటే..." అని పాస్టరుగారు మళ్ళీ కళ్ళజోడు తీశారు. తుడవడానికి అందులో ఇంకేం మిగల్లేదు. చివరికి ప్రార్థన చేద్దామన్నారు. చేశారు కూడా. అది విన్నాక నాకు అర్థమైంది ఏమిటంటే ఆయనకూ ఏమీ అర్థం కాలేదని. బయటికొస్తూ మావయ్య నన్ను అడిగాడు, "నేను నిజం చెప్పకుండా ఇంకో పదేళ్ళు రొట్టె ఇస్తూ పోతే దేవుడికి నచ్చేదా?" నాకేం తెలుసు? ఆవిడకు మాత్రం నచ్చేది.

ఆ వారాంతంలో కోటు తెచ్చుకోవడానికి పిన్ని దగ్గరికి వెళ్ళాను. కొత్త గుడ్డ వేసి చక్కగా మడిచి పెట్టింది. వీధి కబుర్లు ఒక్కటీ చెప్పలేదు. నేనే ఉండబట్టలేక, "మావయ్య తరఫున నేను..." అనబోయాను.

"ఇంకో క్షమాపణ నా కొట్లోకి తేకు" అంది పిన్ని. తరవాత సూదిలో దారం ఎక్కిస్తూ, ఎక్కకపోతే మళ్ళీ తడి చేస్తూ చెప్పుకొచ్చింది. "పదకొండేళ్ళు, పొద్దున్నే లేచి తల దువ్వుకున్నానే. ఏడింటికి అన్నయ్య వస్తాడు, కాస్త మనిషిలా కనిపించాలి అని. లేకపోతే నేను లేవాల్సిన పనేముంది, ఎవరి కోసం లేవాలి?"

"మరి రోజూ ఆ వంకలు ఎందుకు పెట్టేదానివి పిన్నీ?"

"రొట్టె బాగుంది అంటే, సరే అని గుమ్మంలోంచే పోయేవాడు. బాగాలేదంటే రెండు నిమిషాలు నిలబడేవాడు. మీ రొట్టెకు వంక పెట్టడం ఎంత కష్టమో నీకేం తెలుసు. ముందురోజే ఆలోచించి పెట్టుకునేదాన్ని." సూది పక్కన పెట్టింది. "ఈ మాట ఆయనకు చెప్పావంటే చూడు."

చెప్పలేదు. ఆవిడకు భయపడి కాదు. చెబితే మావయ్య ఆ క్షణమే పరిగెత్తుకెళ్ళి దానికీ క్షమాపణ అడుగుతాడు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఎవరిమీద కోపమో తెలియని ఏడుపు. మావయ్య చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేదాన్ని. దేవుడి మాట విననివాడైనా సరిపోయేది. ఈయన విన్నాడు, అక్షరం పొల్లుపోకుండా విన్నాడు, అదే వచ్చిన చిక్కు.

నెల గడుస్తోంది. మావయ్యలో ఒక కొత్త అలవాటు కనిపించింది. మొదటి వాయి దించగానే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, "ఉప్పు తగ్గిందంటావా?" అని నన్ను అడుగుతాడు. సరిపోయిందంటే నమ్మడు. "అడుగు కాస్త పచ్చిగా లేదూ?" లేదంటాను. "ఆవిడైతే చెప్పేది" అంటాడు. ఏడింటికి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడతాడు, చేతిలో ఏమీ ఉండదు. పక్క కొట్టు షట్టరు పైకి లేచిన చప్పుడు విని లోపలికొచ్చేస్తాడు. ముసలాయన దిగులుపడుతున్నాడని, అది ఎవరి కోసమో ఆయనకే తెలియదని నాకు అర్థమైంది. కోపం పోలేదు గానీ దానిమీద జాలి కూడా వచ్చి కూర్చుంది.

మళ్ళీ నెల మొదటి ఆదివారం వచ్చింది. ముందురోజు, శనివారం పొద్దున మావయ్య, "ఈసారి బల్ల రొట్టె నేను చెయ్యలేను. ఆవిడకు నామీద బాధ ఉంది" అన్నాడు.

"అయితే వెళ్ళి మాట్లాడు."

"వెళ్ళాలనే ఉంది. ఎందుకు వెళ్తున్నానో తెలియడం లేదు. రొట్టె చెయ్యడానికి అడ్డు తొలగాలని వెళ్తే మళ్ళీ దేవుడి పనిమీదే వెళ్ళినట్టు. అదే కదా ఆవిడ వద్దంది. పోనీ ఆవిడ కోసమే వెళ్దామంటే, అలా వెళ్ళడం ఎలాగో నాకు చేతకాదు. దేవుణ్ణి ప్రేమిస్తే పొరుగువాళ్ళను ప్రేమించినట్టే అనుకున్నాను తల్లీ. అనుకునే చేశాను. మరి దెబ్బ ఎలా తగిలింది?"

మధ్యాహ్నం ఎందుకైనా మంచిదని పిండి నేనే కలిపి మూతపెట్టాను. మూడింటికి మావయ్య చొక్కా మార్చుకోకుండా, చేతులకు బన్నుల పిండి అలాగే ఉండగా, పక్క కొట్టుకు నడిచాడు. నాకు కాలు నిలవలేదు. వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను, దాక్కోలేదు.

"ఎందుకొచ్చావు?" అంది పిన్ని.

"తెలీదు."

"మళ్ళీ ఏదైనా ఒప్పుకోవాలా?"

"లేదు."

"రేపు మీ చర్చిలో రొట్టె విరుస్తారు. నేను సరేనంటే గానీ నీ చెయ్యి పిండిలో పడదు. అందుకేనా?"

మావయ్య ఆలోచించాడు. ఈసారి చొక్కా లాగాలనిపించలేదు నాకు. "అది కూడా ఉండొచ్చు, లేదని చెప్పలేను. నెల్లాళ్ళుగా లోపల వెతుక్కుంటూనే ఉన్నాను. ఏది దేవుడి కోసమో ఏది నీ కోసమో విడదీయడం నావల్ల కావడం లేదు. ఏడయ్యేసరికి కాళ్ళు ఇటు లాగుతున్నాయి. రాకపోతే రోజంతా ఏదో మర్చిపోయినట్టుంటోంది. దీన్ని ఏమంటారో నాకు తెలీదు చెల్లెమ్మా."

పిన్ని మిషనుమీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నేనూ ఒకటి చెప్పాలి. ఆ రోజు క్షమించానన్నది అబద్ధం. నువ్వు తొందరగా వెళ్ళిపోవాలని అన్నాను."

మావయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఒక్క మాట పట్టుకునే కదా కిందటి నెల పాడుకుంటూ పిండి పిసికింది. "మరి ఇప్పుడు?" అన్నాడు.

"ఇప్పుడూ లేదు. కూర్చో."

కొలతలకు వచ్చినవాళ్ళ కోసం వేసిన స్టూలు మీద కూర్చున్నాడు.

"మా ఆయన పోయిన రోజు ఏం జరిగిందో చెబుతాను, విను. ఆ రోజు రొట్టె పెట్టి వెళ్ళిపోయావు. ఏమైందని అడగలేదు. ఆ తరవాత ఇన్నేళ్ళూ వచ్చావు, పోయావు, ఒక్కసారీ అడగలేదు," అంది పిన్ని. మొదలుపెట్టింది. ఆ రోజు ఆయన ఎన్నింటికి లేచాడో, ఏ చొక్కా వేసుకుంటానన్నాడో, దానికి గుండీ లేకపోతే ఇద్దరూ ఎలా మాటామాటా అనుకున్నారో, ఒక్కొక్కటే చెబుతోంది.

నేను మా కొట్టుకు వచ్చేశాను. పిండి పొంగి మూతను ఎత్తేసింది. పొయ్యి వేడెక్కింది. అయిదింటికి వెళ్ళి గుమ్మంలోంచి, "మావయ్యా, పిండి పులిసిపోతోంది" అన్నాను. ఆయన విన్నట్టు లేదు. నేనే చుట్టి పొయ్యిలో పెట్టొచ్చు, చేతగాక కాదు. కానీ నాకు మావయ్యమీద కోపం పూర్తిగా పోలేదు, పాస్టరుగారిమీద అసలే పోలేదు. ఆ నియమం ప్రకారం నా చెయ్యీ పనికిరాదు, కలిపేటప్పుడు ఆ సంగతి తోచలేదు. పిండిమీద తడిగుడ్డ కప్పి కూర్చున్నాను.

ఆరింటికి పాస్టరుగారు రొట్టె తీసుకెళ్ళడానికి వచ్చారు. "ఏదమ్మా?" అన్నారు. లేదన్నాను. "మరి మీ మావయ్య?" పక్క కొట్టు చూపించాను. ఆయన కంగారుగా అటు వెళ్ళారు. గుమ్మంలో నిలబడి, "బ్రదర్, రేపటికి రొట్టె..." అన్నారు.

మావయ్య లేవలేదు, వెనక్కి తిరగలేదు. "కాసేపు ఆగండి అయ్యగారూ. ఆవిడ ఇంకా చెప్పడం అవలేదు" అన్నాడు.

పాస్టరుగారు నావంక చూశారు. కొంతసేపు తటపటాయించి, ఆయన కూడా లోపలికి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డారు. పిన్ని ఆయన కోసం ఆపలేదు, మళ్ళీ మొదటినుంచి చెప్పనూ లేదు. అప్పటికి ఆవిడ, భర్త పోయిన ఆ రోజు మధ్యాహ్నం దాకా వచ్చింది.